చివరి ఇల్లు

మణెమ్మ ఈసారి కుర్చీ వేయలేదు.

ఆదివారం ప్రార్థన ముగించుకుని అప్పుడే ఇంటికొచ్చింది. బైబిలు గూట్లో పెట్టి వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో హెడ్మిస్ట్రెస్ కామేశ్వరి నిలబడి ఉంది.

“మళ్ళీ వచ్చారా అండీ?” అంది మణెమ్మ. గొంతులో మర్యాద ఉంది. ఆదరణ లేదు.

“దీవెన సంగతి తేలలేదు కదమ్మా,” అంది కామేశ్వరి.

కామేశ్వరి ఈ ఊరి బడికి వచ్చి ఏడాది కాలేదు. అంతకుముందు తాడేపల్లిగూడెం దగ్గర మూతపడబోతున్న ఒక బడిని నిలబెట్టిందని ఆమెకు పేరు. అందుకే ఏరికోరి ఇక్కడికి పంపారు. మండవల్లి దాటాక, కొల్లేటి వైపు, చేపల చెరువుల మధ్య ఉన్న హైస్కూలు అది. పదో తరగతి ఫలితాల్లో అట్టడుగున ఉండడం దానికి అలవాటైపోయింది.

వచ్చిన కొత్తలో ఆమె చెరువుగట్ల వెంట తిరిగింది. చేపలకు మేత చల్లుతున్న పిల్లల్ని చెయ్యి పట్టుకుని బడికి తీసుకొచ్చింది. పాడైపోయిన మరుగుదొడ్లు బాగుచేయించింది. సాయంత్రాలు తనే కూర్చుని చదివించింది. మార్పు కనిపించింది. కానీ చాలలేదు.

దసరా సెలవులయ్యాక ఏలూరులో హెడ్మాస్టర్ల సమావేశం పెట్టారు. ఒక అధికారి అందరి ముందూ ఆమెను నిలబెట్టాడు.

“ఈసారి కూడా ఇదే వరసైతే మీ హైస్కూల్ని ఎత్తేసి వేరే బడిలో కలిపేస్తాం మేడమ్. తర్వాత మీ ఇష్టం.”

ఆ వేరే బడి చాలా దూరం. అంత దూరం ఈ ఊళ్ళో ఎవరూ ఆడపిల్లల్ని పంపరు. ఆరో తరగతిలో రెండు జడలు వేసుకుని ముందు బెంచీలో కూర్చునే పిల్లలు ఏమైపోతారో ఆమెకు తెలుసు. బస్సులో తిరిగొస్తూ దారి పొడుగునా అదే ఆలోచించింది. మర్నాటి నుంచే మళ్ళీ ఇళ్ళ చుట్టూ తిరగడం మొదలుపెట్టింది.

ఏడ్చినవాళ్ళున్నారు. తిట్టినవాళ్ళున్నారు. ఒకావిడ వాకిట్లో చీపురు విసిరికొట్టి లోపలికి పోయింది. చివరికి అందరూ ఒప్పుకున్నారు. మిగిలింది ఈ ఇల్లే.

“ఈ ఒక్క ఇంటినీ వదిలేద్దామండీ,” అన్నాడు లెక్కల మాస్టారు నిత్యానందం దారిలో. గుమ్మం దాకా రాలేదు. రోడ్డు మీదే బండి ఆపుకుని నిలబడ్డాడు.

వాకిట్లో తాడు మీద దీవెన యూనిఫాం ఆరుతోంది. కామేశ్వరి చూపు తిప్పుకుంది.

“దానికి చదువు తొందరగా ఎక్కదండీ. మీకూ తెలుసు కదా,” అంది మణెమ్మ.

“తెలుసమ్మా. అందుకే వచ్చాను. ఇప్పుడు మొండికేస్తే ఏడాది వృథా అవుతుంది. రేపు పదిమందిలో తలదించుకునేది మీ అమ్మాయే.”

“దాని రాత ఎలా ఉంటే అలా అవుతుందండీ. మీరు మాత్రం వదిలేయండి.”

“మీ ఒక్క పిల్ల గురించే కాదమ్మా నేను చెప్పేది. ఊళ్ళో పిల్లలందరి గురించీ.”

“మా వీధిలో మణిదీప్ వాళ్ళమ్మ మీ మాట విందండీ. ఇప్పుడా పిల్లాడు ఎవరితోనూ మాట్లాడట్లేదు.”

“కొన్నాళ్ళు అలాగే ఉంటుంది. అలవాటవుతుంది.”

ఆ మాట తన నోటి నుంచే వచ్చిందా అనిపించింది కామేశ్వరికి.

పెరట్లో వల బాగుచేసుకుంటున్న పాపారావు లేచి వచ్చాడు. భార్య పక్కన నిలబడ్డాడు. నెమ్మదిగా అడిగాడు.

“చెరువులున్న ఆసాముల గుమ్మంలో కూడా ఇలాగే నిలబడతారా అండీ మీరు?”

వాళ్ళ పిల్లలు ఏలూరులో చదువుతారు. వాళ్ళ గుమ్మం ఎక్కాల్సిన అవసరం కామేశ్వరికి ఎప్పుడూ రాలేదు.

“మీకు చేతులెత్తి దణ్ణం పెడతానండీ,” అంది ఆమె. నిజంగానే చేతులెత్తింది.

మణెమ్మ కంగారుపడి ఆ చేతులు పట్టుకుంది. “అయ్యో, అదేం పనండీ! పంతులమ్మగారు మీరు!”

అంతవరకూ తలుపు వెనక నిలబడి వింటున్న దీవెన బయటికి వచ్చింది. సన్నటి పిల్ల. ఆదివారం గౌను ఇంకా మార్చుకోలేదు.

“మేడమ్‌గారు చెప్పినట్టే చేద్దామమ్మా,” అంది.

“నీకేం తెలుసే? నువ్వు లోపలికి పో,” అన్నాడు పాపారావు.

“ఫర్వాలేదు నాన్నా. మేడమ్‌గారు నా కోసం ఎన్నిసార్లని తిరుగుతారు? అందరూ విన్నారు కదా. నేనూ వింటాను.”

పాపారావు కూతురి వంక చూశాడు. భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

“అది సరేనంటే ఇంక మేమేం అంటామండీ. మీ ఇష్టం,” అన్నాడు. మణెమ్మ లోపలికి వెళ్ళిపోయింది.

కామేశ్వరి దీవెన తల మీద చెయ్యి వేసింది.

“మీరు బాధపడకండి మేడమ్,” అంది దీవెన.

రోడ్డు మీదికి వచ్చేదాకా కామేశ్వరి వెనక్కి తిరిగి చూడలేదు. చెరువుల మీంచి గాలి తేమగా వీస్తోంది. నిత్యానందం ఎదురొచ్చాడు.

“ఒప్పుకున్నారా అండీ?”

ఆమె కళ్ళద్దాలు తీసి చీర చెంగుతో తుడుచుకుంది.

“రేపు దీవెనకి టీసీ ఇచ్చి పంపేయండి మాస్టారూ, ఇంక మన పదో తరగతిలో పరీక్ష తప్పే పిల్లలెవరూ మిగల్లేదు.”