పట్టీ మాట

కొండెక్కి జలపాతం చేరాక, గుండంలో దిగేముందు భార్గవి అలవాటుగా దోసెడు నీళ్లు నెత్తిన చల్లుకోబోయింది. దోసిట్లో ఎర్రమట్టి, రాలిన ఆకులు! పైన వరద మొదలైంది.

"ఏవండీ, బయటికొచ్చెయ్యండి!"

ఈదుతున్న మొగుడు శ్రీకరం ముంజేతి పట్టీ ఎత్తి చూపించాడు. "పచ్చగానే ఉందిగా! ఎర్రబడితే వస్తాలేవే."

పట్టీ చెప్పందే ఎవరూ అడుగు తీసి అడుగు వెయ్యని రోజులాయె. ఎలాగైనా అతని పట్టీ ఎర్రబడేలా చెయ్యాలని, ఆమె తన పట్టీ ఊడబెరికి గుండంలోకి విసిరేసింది.

అతని పట్టీ ఎర్రగా వెలిగి అరిచింది: "మీ భార్య మునిగిపోతోంది!"

"నేనిక్కడే ఉన్నానండీ!" ఒడ్డున నిలబడి ఆమె గొంతు చించుకుంది.

అతను ఆమెను చూశాడు. పట్టీని చూశాడు. ఊపిరి బిగబట్టి, బుడుంగున మునిగాడు.