పదికి రెండు మార్కులు

శ్రీనిధి నంద్యాలలో ఆళ్లగడ్డ బస్సు దిగి నేరుగా రాజరత్నం ఇంటికి వచ్చాడు. చేతిలో ఒక సీడీ, మొహం నిండా నవ్వు.

ఆ నవ్వు చూడగానే రాజరత్నానికి కడుపు మండింది.

"నా కంప్యూటర్ ఆట తయారైపోయింది రా రత్నం! అంతరిక్షంలో ఓడ పగిలిపోతాది. మిగిలేది ఒక మనిషి, వానికి తోడు ఒక మరమనిషి. గాలి, నీళ్లు, తిండి ఎతుక్కుంటా గ్రహం నుంచి గ్రహానికి పోవాల. బతికి బయటపడాల. దీని కోసం ఉన్న ఉద్యోగం కూడా వదిలేసినా."

"బానే ఉండాది," అన్నాడు రాజరత్నం, సీడీ అందుకుంటూ.

"బెంగళూరు కంపెనీవాళ్లు నీ సమీక్ష చూసినాకే మాట్లాడతామన్నారు. ఇంక నా బతుకు నీ చేతిలో ఉండాది."

అది నిజమే. 2004లో నంద్యాల మొత్తానికీ వీడియో గేముల మీద పత్రికలో రాసేవాడు రాజరత్నం ఒక్కడే. హైదరాబాదు నుంచి వచ్చే కంప్యూటర్ మాసపత్రికలో ప్రతి నెలా అతనికి ఒక పేజీ. ఇంటర్నెట్ సెంటరుకు పోతే కుర్చీ ఖాళీ చేసి కూర్చోబెట్టేవాళ్లు. ఆ కుర్చీ అంటే అతనికి ప్రాణం. ఇప్పుడు ఆట గురించి రాసేవాడికన్నా ఆట తయారుచేసినవాడే గొప్పవాడైపోతాడు కదా!

డిగ్రీలోనూ ఇదే గోల. ఇద్దరిదీ ఒకే బెంచీ. రాజరత్నం రాత్రంతా చదివితే, ఏమీ చదవని శ్రీనిధికి మెచ్చుకోళ్లు. అందరూ కలిసి అహోబిలం కొండెక్కితే, సగం దారిలోనే నీళ్లన్నీ తాగేసినవాడు శ్రీనిధి. కాలు మడతపడి కూలబడ్డ రాజరత్నాన్ని వదిలేసి ముందుకు పోయిందీ వాడే. దిగేటప్పుడు దారి మరిచి అందర్నీ అడవంతా తిప్పిందీ వాడే. మర్నాడు క్లాసులో అదంతా కథగా చెప్పి చప్పట్లు కొట్టించుకున్నదీ వాడే! కుంటుకుంటూ వచ్చిన రాజరత్నాన్ని పలకరించిన పాపాన పోయినవాడు లేడు.

ఆట ఇంకా బజారులోకి రాకముందే, శ్రీనిధి పంచిన సీడీలు చూసినవాళ్ల పొగడ్తలు మొదలయ్యాయి. బెంగళూరు వెబ్‌సైటు ఒకటి ఇలాంటిది మన దేశంలో ఇంతవరకు రాలేదని రాసింది. ఒక ఇంగ్లీషు పేపరు శ్రీనిధి ఫోటో వేసింది. ఇంటర్నెట్ సెంటర్ జ్ఞానప్రకాశం దారిలో ఆపి మరీ చెప్పాడు.

"మీ ఫ్రెండు ఆట ఏముందన్నా! ఆ చుక్కలు, ఆ మబ్బులు... చూస్తాంటే ఒళ్లు జలదరిస్తాంది."

"అట్లనా," అన్నాడు రాజరత్నం. ఆ రోజు అన్నం సహించలేదు.

చివరికి ఇంట్లో లూదియా కూడా అనేసింది. "ఏమండీ, చర్చిలో అందరూ శ్రీనిధి అన్న గురించే చెప్పుకుంటాండారు. ఎంత తెలివి!"

కట్టుకున్న పెళ్లాం కూడా! ఇంక తట్టుకోవడం అతని వల్ల కాలేదు. గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. భోజనానికి పిలిచినా రాలేదు. కాగితాలు చించడం, మళ్లీ రాయడం, కళ్ల ముందు అహోబిలం కొండ. లూదియా కాఫీ పట్టుకొచ్చి తొంగి చూసింది.

"ఎట్లుండాదండీ ఆట?"

"ఆటా అది? తప్పుల కుప్ప!"

సమీక్ష అచ్చయింది. ఒక్కో వాక్యం కొరడా దెబ్బే. 'ఈ ఆట చేసినవాడికి నీళ్ల లెక్క తెలియదు. గమ్యం సగం దూరం ఉండగానే నీళ్లు అయిపోతాయి. మరమనిషి వెనకబడితే ఆగి చూసే దిక్కులేదు. అన్నిటికన్నా ఘోరం, ముందుకు పోవడమే తప్ప ఓడకు తిరిగి వచ్చే దారి గురించి ఆలోచనే లేదు. మొదట్లో మెరుపులు, చివర్లో చీకటి. పదికి రెండు మార్కులు.'

బెంగళూరువాళ్లు వెనక్కి తగ్గారు. ఆ వార్త విన్నరోజు రాజరత్నం రెండుసార్లు కూర వడ్డించుకుని తిన్నాడు. హాయిగా నిద్రపోయాడు.

ఆరు నెలలు శ్రీనిధి నుంచి కబురు లేదు. ఒక ఆదివారం పొద్దున తలుపు కొట్టాడు. రాజరత్నం తలుపు తీసి ఒక అడుగు వెనక్కి వేశాడు. కాలర్ పట్టుకుంటాడనుకున్నాడు.

శ్రీనిధి గట్టిగా కౌగిలించుకున్నాడు.

"ఏంది రా ఇది?" అన్నాడు రాజరత్నం బిత్తరపోయి.

"నీ సమీక్ష చదివి మొదట నిన్ను తిట్టుకున్న్యా. తర్వాత ఒక్కొక్కటీ తీసి చూసినా. నువ్వు రాసిన తప్పులన్నీ ఉండాయి రా! నీళ్ల లెక్క నిజంగానే తప్పినా. మరమనిషి కోసం ఆగే ఏర్పాటే పెట్టల్యా. తిరుగుదారి సంగతి నాకు తట్టనే తట్టల్యా. పొగిడినోళ్లలో ఒక్కడూ రెండో గ్రహం దాటలేదంట. అన్నీ సరిచేసి మళ్లీ చూపిస్తే బెంగళూరువాళ్లు ఎగిరి గంతేసినారు."

రాజరత్నం నవ్వబోయాడు. శ్రీనిధి పట్టుకున్న చెయ్యి విడిపించుకోబోయాడు.

"ఇంకోటి చెప్పాల. కంపెనీ పెద్దాయన నీ సమీక్ష తర్జుమా చేయించుకుని చదివినాడు. 'ఒక ఆటను ఇంత శ్రద్ధగా, చివరిదాకా ఆడే మనిషి యాడ దొరుకుతాడు? వానికి ఉద్యోగమిస్తాం, పిల్చుకుని రా' అన్నాడు. అందుకే వచ్చినా. లోకమంతా నన్ను పొగిడింది రా, నా ఆటను ఆడింది మాత్రం నువ్వొక్కడివే."

వాకిట్లో లూదియా కళ్లు తుడుచుకుంది. శ్రీనిధి అతని చెయ్యి వదల్లేదు.

నిజంగానే బాగుంటుందేమోనన్న భయంతో, రాజరత్నం ఆ ఆటను ఒక్కసారైనా పెట్టి చూడలేదు.