బొమ్మలో ఏముంది?

"దీన్నెవడు కొంటాడమ్మా?" గేముల కంపెనీ డైరెక్టరు, చేత్తో ఊపి ఆడే కొత్త కంట్రోలరును బల్ల మీద పడేశాడు. "అవతలి కంపెనీ గేములో గడ్డిపోచ మీద మంచుబొట్టు కూడా కనిపిస్తుంది. మన తెర మీది బొమ్మలో మనిషికి ముక్కే సరిగ్గా లేదు. జనం బొమ్మ చూసి కొంటారు, చేతులూపుకోవడానికి కాదు."

"ఒక్కసారి బయటివాళ్లు ఆడితే చూడండి సార్," అని బతిమాలింది డిజైనరు. ఈ సాయంత్రంలోగా ఆయన ఊ అంటే తయారీ. ఊహూ అంటే ఆ కంట్రోలరు అటకెక్కుతుంది, ఆమె జట్టంతా ఉద్యోగాలు పోయి ఇంటికెళుతుంది.

వీధిలో పోతూ సరదాపడి వచ్చిన ఒక కోడలు, ఆమె చెయ్యి పట్టుకుని అత్తగారూ పరీక్ష గదిలోకి వచ్చారు. ఆట అయ్యేదాకా వాళ్లని ఏమీ అడగకూడదన్నది అక్కడి నియమం. డైరెక్టరైనా జట్టైనా వెనక గోడకున్న అద్దం అవతలి నుంచి చూడటమే.

కోడలు కంట్రోలరును అత్తగారి చేతిలో పెట్టింది. "టెన్నిస్ అత్తయ్యా. ఇదే బ్యాటనుకోండి. బంతి రాగానే కొట్టెయ్యండి."

మొదటి బంతి పోయింది. రెండోదీ పోయింది. డైరెక్టరు డిజైనరు వైపు తిరిగి చూశావా అన్నట్టు నవ్వాడు.

పెద్దావిడ తల కాస్త పక్కకి వంచింది. ఈసారి బంతి టప్పుమనగానే చెయ్యి విసిరింది. పిడికిట్లో కంట్రోలరు జుమ్మంది. "అమ్మో, తగిలిందే!" అని పకపకా నవ్వింది. ఆ తర్వాత ఒక్కటీ వదల్లేదు.

డైరెక్టరుకు పౌరుషం వచ్చింది. కోటు విప్పి, ఇంకో కంట్రోలరు పట్టుకుని తానే వెళ్లి ఆమె పక్కన నిలబడ్డాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ గేములాడుతున్న మనిషి. చెమటలు కక్కాడు, ఓడాడు. మళ్లీ ఆడి మళ్లీ ఓడాడు. అద్దం వెనక జట్టంతా నోళ్లు వెళ్లబెట్టింది. డిజైనరు అద్దానికి ఇంకాస్త దగ్గరగా జరిగింది. తన చేతులతో చేసిన వస్తువే ఆమెకు ఇప్పుడు అద్భుతంలా ఉంది.

"ఒప్పుకుంటున్నా!" డైరెక్టరు రొప్పుతూ అద్దం వైపు చెయ్యెత్తాడు. "మన బొమ్మలోనే ఏదో మహత్తుంది. లేకపోతే ఈవిడ ఇంతసేపు అలా చూస్తూ నిలబడుతుందా? రేపే తయారీ మొదలెట్టండి. పెద్దమ్మా, మీరే చెప్పండి, ఆ బొమ్మలో మీకేం నచ్చింది?"

పెద్దావిడ నవ్వుతూ కోడలి కోసం చెయ్యి చాచింది. కోడలు ఆ చెయ్యందుకుంది.

"మీరు గమనించే ఉంటారనుకున్నాను సార్. అత్తయ్యకి పుట్టుకతోనే చూపు లేదు."