గోలుబాత్స్ కోట కింద

డాక్టరు స్టెతస్కోపు తీసి సంచీలో పెట్టుకున్నాడు.

"ఆసుపత్రికి కదిలించవద్దు. దారిలోనే ప్రాణం పోతుంది. సాయంత్రం దాకా ఉంటే అదృష్టమే," అని చెప్పి, స్మెదెరెవో రేవులో దిగి వెళ్లిపోయాడు.

విహార నౌకలో తక్కిన ప్రయాణికులెవరూ లేరు. కోటలు చూడడానికి పొద్దున్నే రెండు బస్సులెక్కి వెళ్లారు. కింది అంతస్తు గదిలో మిగిలింది రాదివోయే, ఆయన భార్య లెపా. ఎనభై మూడేళ్ల రాదివోయే ఈ డాన్యూబ్ నది మీదే నలభై ఏళ్లు ఓడలు నడిపాడు. టిక్కెట్టు కొనుక్కుని ఎక్కడం ఇదే మొదటిసారి. ఆయన చేరదలచింది ఒకే ఒక్క కోట.

గోలుబాత్స్ కోట కింద, యాభై ఏళ్ల క్రితం, ఆయన అన్న స్తానోయే ఇసుక పడవతో సహా మునిగిపోయాడు. శవం దొరకలేదు. అప్పటి నుంచి ఆ కోట దాటిన ప్రతిసారీ రాదివోయే పొడుగాటి ఓడ కూత ఒకటి వేయించి, గ్లాసుడు ప్లమ్ సారా నీళ్లలో పోసేవాడు. సమాధి లేని మనిషికి అదొక్కటే మర్యాద. ఉద్యోగం విరమించాక పదిహేనేళ్లుగా ఆ మర్యాద జరగలేదు.

బస్సులతో వెళ్లవలసిన గైడు స్నెజానా, లెపా కన్నీళ్లు చూసి ఆగిపోయింది. ఇద్దరూ కలిసి పైకి, కెప్టెన్ మిలోయే దగ్గరికి వెళ్లారు.

"చివరి కోరిక నాయనా," అంది లెపా. "గోలుబాత్స్ దాటిస్తే చాలు. ఆ తర్వాత దేవుడి ఇష్టం."

బయట మూడు రోజులుగా కొషావా గాలి హోరుమంటోంది. నౌక ఊగుతోంది. గాలి తగ్గేదాకా ఏ ఓడా కదలరాదని రేవు కార్యాలయం పంపిన కాగితాన్ని మిలోయే మరొకసారి చదివాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నాకు చుక్కాని పట్టడం నేర్పింది ఆయనే," అన్నాడు. తర్వాత స్నెజానా వైపు తిరిగాడు. "కోటలు చెప్పడం నీ వంతు. కూత నా వంతు."

"భయంగా ఉంది బాబాయ్. మధ్యలోనే ఏమైనా అయితే?"

"నాకు మాత్రం లేదా భయం? పద."

ఇంజను మోగింది. గది నేల సన్నగా వణికింది. వెలుతురు కళ్లలో పడకుండా స్నెజానా కిటికీ తెర లాగింది.

రాదివోయే కళ్లు తెరిచాడు. "కదిలామా?"

"ఇంజను చప్పుడు వినబడడం లేదా తాతగారూ?"

"వినబడుతోంది. దగ్గుపట్టిన గాడిదలా ఉంది. మిలోయేగాడి చేతిలో పడితే ఏ ఇంజనైనా అంతే."

"ఊపిరి దాచుకో ముసలోడా," అంది లెపా. "తిట్లకి తర్వాత టైముంది."

"ఎక్కడుందే?" అన్నాడాయన.

లెపా దుప్పటిని ఆయన గుండెల దాకా లాగింది.

స్నెజానా వాచీ విప్పి ఒళ్లో పెట్టుకుంది. రెండు గంటలు గడిచాయి.

"ఐదు బురుజుల కోట వచ్చింది తాతగారూ. కుడి గట్టున. గోడ మీద మేకలు మేస్తున్నాయి."

"గోడ మీదా?"

"అదే, గోడ పక్కన."

"ఆ వుకాశిన్‌గాడివే అయ్యుంటాయి. చచ్చినా వాటికి కంచె కట్టడు వాడు." నవ్వబోయాడు. దగ్గు తెర అడ్డుపడింది. ఊపిరి ఆగింది. మళ్లీ అందుకుంది.

లెక్క ప్రకారం గోలుబాత్స్‌కు ఇంకా రెండు గంటలు పట్టాలి. లెపా స్నెజానా మోకాలు గట్టిగా నొక్కింది.

"తొందరగా తల్లీ. అందాకా ఆగేలా లేడు."

స్నెజానా మెట్లెక్కి పరిగెత్తి, మిలోయే చెవిలో ఒక మాట వేసి, పరిగెత్తి వచ్చింది.

"తాతగారూ, గోలుబాత్స్ వచ్చేసింది!"

"అప్పుడేనా?"

"ఏటి వాలు కదా."

ఆయన కనుబొమలు కొంచెం పైకి లేచాయి. "ఎన్ని బురుజులు?"

"తొమ్మిది."

"మీ గైడులంతా ఇంతేనమ్మా. నీళ్ల అంచున చతికిలబడిన దాన్ని వదిలేస్తారు. ఓడవాడికి ముందు కనబడేది అదే."

"పది, తాతగారూ. ఉంది, కనబడుతోంది. దాని నడుము దాకా నీళ్లున్నాయి."

"నది మధ్య బండ?"

"దాని మీద కొంగ ఒకటి వాలింది."

పైన కూత మోగింది. పొడుగ్గా, ఆగకుండా, గది గోడలు అదిరేలా. రాదివోయే పెదవులు కదిలాయి. అన్న పేరు మాత్రం వినబడింది.

లెపా సీసా వంచి గ్లాసు నింపింది. స్నెజానా దాన్ని రెండు చేతులతో పట్టుకుని పైకి వెళ్లింది. కటకటాల మీంచి వంగి, చుక్క మిగలకుండా నీళ్లలో పోసింది. తిరిగి వచ్చేసరికి గాలికి చిందిన సారాతో ఆమె చేతులు తడిసి ఉన్నాయి. ఆయన ఆ చేతులను తన చేతుల్లోకి తీసుకుని వాసన చూశాడు. తృప్తిగా కళ్లు మూసుకున్నాడు.

"ఏటి వాలే కదా, నువ్వు పోసింది రేపటికల్లా అన్నయ్య దగ్గరికి చేరుతుందిలే తల్లీ; ఇంక ఆ మిలోయేగాణ్ణి ఇంజను ఆపమను, స్మెదెరెవో రేవుకి కట్టేసి ఉన్న ఓడకి పొద్దుట్నుంచీ అంత డీజిలు దండగ కదమ్మా."