తువ్వాలు పరిచిన చోటు

“నీ పని మూడు రోజులుగా ఏ లెక్కా కట్టకుండా సగం సూపర్ కంప్యూటర్‌ని పట్టుకుని నిద్రపోతోంది, వ్లాత్కో,” అన్నాను.

వరదల లెక్కలు కట్టే వ్లాత్కో కాఫీ కప్పు దించలేదు. “చోటు ఆపుకున్నాను. వాన వివరాలు రేపొస్తాయి. అప్పుడు వరసలో నిలబడితే నా వంతొచ్చేలోపు కూపా నది ఊళ్లోకొస్తుంది.”

“సముద్రం ఒడ్డున పొద్దున్నే తువ్వాలు పరిచేసి ఇంటికెళ్ళి పడుకునే రకం నువ్వు. నా దగ్గర ఐదుగురు పసిపిల్లల జన్యువులున్నాయి. జబ్బేమిటో తేలక ఆస్పత్రిలో పడున్నారు.”

“ఆ ఆస్పత్రి నది ఒడ్డునే ఉంది, నెవెన్కా.”

“బెదిరిస్తున్నావా?”

కంప్యూటర్ నడిపేవాళ్ళకి ఫిర్యాదు చేసి అతని పనిని దాన్నుంచి తీసేయించాను. ఆ చోట్లో నా పని మొదలైంది.

మూడో రోజుకి ఫలితాలొచ్చాయి. ఐదు జబ్బులకూ మందుంది. వెంటనే ఆస్పత్రికి ఫోన్ చేశాను.

“పిల్లల్ని పడవల్లో దాటించాం,” అంది నర్సు. “కింది అంతస్తు మునిగింది. ఒక్కరూ ముందు చెప్పలేదు.”

నా కాగితాల మీద పేర్లుండవు, అంకెలే ఉంటాయి. ఏ అంకె ఏ బిడ్డదో రాసిన పుస్తకం ఆ కింది అంతస్తులోనే ఉంది.

మళ్ళీ రక్తం తీసి పంపడానికి నాలుగు రోజులు పడుతుందన్నారు.

ఫోన్ పెట్టేసి, ఆ రక్తం వచ్చేదాకా సగం సూపర్ కంప్యూటర్‌ని పట్టుకుని ఉండేలా ఒక ఖాళీ పనిని నిద్రపుచ్చాను.