పక్క సూర్యుడు

“అచ్చం మన సూర్యుడి లాంటివాడే పక్కన ఇంకోడున్నాడు! సరిగ్గా నలభై కాంతి సంవత్సరాల దూరం!” పెరటి వసారాలోంచి కేకేశాడు దర్జీ తాత. తీగమీది కాకి లేచిపోయింది.

“నలభై కాదు తాతా, నాలుగూ చిల్లర. నిన్న నువ్వే చదివి వినిపించావుగా!” అంది పక్కనే పుస్తకం పట్టుకు కూర్చున్న మనవరాలు.

“నిన్న కళ్ళజోడు లేదు!”

లోపల ఆసుపత్రి సంచి సర్దుతున్న నానమ్మకి ఒళ్ళు మండింది. రేపు ఆయన గొంతుకి ఆపరేషన్. ఆ తర్వాత మాట వస్తుందో రాదో చెప్పలేమన్నాడు డాక్టరు. ఉన్న గొంతు కాస్త దాచుకోవయ్యా మగడా అంటే, పొద్దుటినుంచీ గోడ పక్కన కుర్చీ వేసుకుని గ్రహాంతరవాసుల మీద ఉపన్యాసం!

ఆ గోడకవతలే ఆవిడ మరిది. ముప్పైయేళ్ళు బళ్ళో సైన్సు చెప్పిన మాస్టారు. ఆ గోడ జానెడు ఇటా, అటా అన్న తగువుతో అన్నదమ్ములకి ఆరేళ్ళుగా మాటల్లేవు. రేపటి సంగతి తెలిసీ ఆయన ఈ గుమ్మం తొక్కలేదు. ఈయనా రమ్మని కబురు పెట్టలేదు. ఇద్దరూ ఒక్క తానులో గుడ్డలే.

“ఏమండీ, మెల్లిగా! అవతల మాస్టారు వింటే నవ్విపోతారు.”

“నవ్వితే అదే పదివేలు.”

గోడవతల రేడియో ఆగిపోయింది. నానమ్మకి తల కొట్టేసినట్టయింది. పావంగుళం తేడా వస్తే కుట్టంతా విప్పి మళ్ళీ కుట్టే మనిషి, నాలుక్కీ నలభైకీ తేడా తెలీకుండా పరువు తీస్తున్నాడు!

“అక్కడివాళ్ళు మన దగ్గరికొస్తారా తాతా?”

“వచ్చే మంగళవారానికల్లా దిగుతారు. సైకిలు మీదొచ్చినా వారం పట్టదు!”

అవతల ఎవరో గట్టిగా దగ్గారు.

“వచ్చి ఏం చేస్తారు?”

“ఏం చేస్తారు, పలకరిస్తారు! అంత దూరం నుంచి వచ్చి మూతి ముడుచుకు కూర్చుంటారా?” తాత గొంతు జీరబోయింది.

నానమ్మ మంచినీళ్ళు తెచ్చింది. “ఇక నోటికి తాళం వెయ్యండి. నా మీదొట్టు.”

తాత గ్లాసందుకుని పక్కన పెట్టాడు. “ఇంకొక్కటుందే. ఆ ఒక్కటీ చెప్పనీ.”

మనవరాలు పేజీ తిప్పింది. “అక్కడ జంట సూర్యులటగా తాతా? అన్నదమ్ముల్లాగా?”

తాత లేచి, గోడకి అరచెయ్యి ఆనించి, ఉన్న గొంతంతా కూడదీసుకున్నాడు.

“ఉండేవాళ్ళు! ఎప్పుడో తెగదెంపులు చేసుకుని చెరో దారీ పోయారు!”

అవతల కుర్చీ కిర్రుమంది.

“ఎవడు చెప్పాడన్నయ్యా నీకు? ఒకడి చుట్టూ ఒకడు ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నారు!”

నానమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ పూటంతట్లో మొదటిసారి తాత గొంతు తగ్గించాడు.

“అన్నీ తెలుసురా, చిన్నోడా.”