రోజుకు పిడికెడు వడ్లు

ఏడేళ్లుగా వెంకటప్పయ్యది ఒకటే అనుమానం. ఆ ఏడాది తమ ఇంట్లోకి వచ్చింది దేవుడా, జబ్బా?

భద్రాద్రి రాముడి కల్యాణానికి శేరు గోటి తలంబ్రాలు ఇస్తామని మొక్కు. రోకలి తగలకుండా, గోళ్లతోనే వడ్లు వలవాలి. మూడు పగళ్లు, మూడు రాత్రులు ఇంట్లో వలుపు ఆగలేదు. కునుకు లేదు. తిండి లేదు. ఒకటే మాటలు. గోళ్లు చిట్లి నెత్తురు కారుతుంటే అశ్వారావుపేటలో ఆ వీధి వీధంతా వచ్చి కాళ్లకు దండం పెట్టింది.

నెత్తురంటిన బియ్యం గుడికి పనికిరాలేదు. మొక్కు అలాగే ఉండిపోయింది. ఆ తర్వాత రెండు నెలలు మంచం దిగింది లేదు, స్నానం లేదు.

ఖమ్మం డాక్టర్ బైపోలార్ అన్నాడు. “నిద్ర తగ్గడమే మొదటి గుర్తు. అది కనిపెట్టుకుని ఉండండి.”

ఈ ఏడు ఆ డాక్టరే మొక్కు తీర్చుకోమన్నాడు. కానీ నిద్ర తగ్గితే వడ్లు కళ్లబడకూడదన్నాడు.

మాఘంలో మొదలుపెట్టారు. రోజూ మధ్యాహ్నం నాగలత పిడికెడు వడ్లు చేటలో పోసుకుని కూర్చుంటుంది. భర్త వెంకటప్పయ్య పక్కనే కూర్చుని నోటుపుస్తకంలో రాస్తాడు. ‘నిద్ర ఏడు గంటలు. మాటలు మామూలు. కోపం లేదు.’ ఇద్దరి మొహాల్లోనూ ఏమీ ఉండదు.

వాళ్ల పామాయిల్ తోటలో పనికొచ్చే భీమక్క ఓ రోజు తొంగిచూసింది.

“ఏందమ్మా, గింతేనా? అప్పుడైతే ఒక్క పూటకే గంప నిండె!”

“ఇంతే చాలు భీమక్కా. డాక్టర్ చెప్పాడు.”

“రాములోరి పెండ్లికి డాక్టరేంది? ఆయనకేమన్న శుభలేఖ ఇచ్చిండ్రా?”

నాగలత ఇంకో గింజ వలిచింది.

నవమి ఇంకా నెల ఉందనగా పుస్తకంలో ‘నాలుగు గంటలు’ అని పడింది. వెంకటప్పయ్య ఆ అంకె భార్యకు చూపించాడు. ఆమె లేచి, వడ్లూ చేటా భీమక్క ఇంట్లో పెట్టి వచ్చింది. ఫోన్ చేస్తే డాక్టర్ మాత్ర మార్చాడు. పదో రోజుకు మళ్లీ ఏడు గంటలు. వడ్లు ఇంటికొచ్చాయి.

నవమికి రెండు రోజుల ముందు భద్రాచలం వెళ్లారు. మూట విప్పితే బియ్యం తెల్లగా ఉన్నాయి. వెంకటప్పయ్యకు ఏడుపూ రాలేదు, సంతోషమూ కలగలేదు. ఇలా ఇచ్చినా రాముడికి చెల్లుతుందా అనుకున్నాడు.

“ఎవరి మొక్కమ్మా?” అడిగాడు తలంబ్రాలు తీసుకునే ఆయన.

“మా ఆయనది,” అని నాగలత బియ్యం అప్పగించి, ఏడేళ్ల కిందట గోళ్లు చిట్లిన భర్త చేతిలో మధ్యాహ్నం మాత్ర పెట్టింది.